ఎడమవైపు పెళ్ళికూతురు

ఆ ఆదివారం రేపల్లెలో ఆ ఇంట్లో ఐదుగురున్నారు. ముందుగదిలో ఫ్యాను కింద నాగబాబు మావయ్య నిద్రపోతున్నాడు. కొల్లూరులో పెళ్ళి ఫోటోలు తీసి తెల్లారి వచ్చాడు గనక ఆయన లేచేదాకా గిన్నె చప్పుడు కూడా కాకూడదు. హాల్లో పేరంటాలు అమ్మమ్మ సౌండు బాగా తగ్గించి టీవీలో పాత సినిమా చూస్తోంది. వసారాలో కుర్చీలో ముత్యాలరావు తాతయ్య కూర్చున్నాడు. ఆయనకి ఒక కంటికి శుక్లం తీసి నెల కావస్తోంది, రెండో కంటికి ఇంకా తీయలేదు. వంటింటి గడప దగ్గర రొయ్యలు వలుస్తున్నది లక్ష్మీతిరుపతమ్మ, నాగబాబుకి మేనకోడలు. సముద్రం ఒడ్డు పల్లెలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్ కోసం మేనమామ ఇంటికొచ్చింది. కాలేజీలో పేరు పిలిస్తే నవ్వుతారని హాజరు కూడా చిన్నగా పలికే పిల్ల. ఐదో మనిషి జ్యోతిలక్ష్మి అత్త. ఆవిడ ఎక్కడుందో చెప్పడం కష్టం. పొయ్యి మీద పులుసు దగ్గర ఉందనుకుంటే పెరట్లో బట్టలు జాడిస్తూ ఉంటుంది, అక్కడుందనుకుంటే తాతయ్య తల వెనక్కి వంచి కంట్లో చుక్కలు వేస్తూ ఉంటుంది. ఆవిడ ఒకచోట కూర్చుని ఉండగా చూడాలంటే కంప్యూటర్ గదిలోనే చూడాలి.

వంటింటి పక్కన ఒకప్పుడు వలలు దాచుకున్న చిన్న గది అది. తాతయ్య సముద్రం మీదికి పోవడం మానేశాక వలలు అమ్మేశారు, గది ఖాళీ అయింది. మావయ్య తెనాలిలో ఫోటో స్టూడియో పెట్టినప్పుడు ఆ గదిలోకి కంప్యూటర్ వచ్చింది. పదకొండేళ్ళుగా ఆ చుట్టుపక్కల పెళ్ళయిన ఎన్నో జంటల ఆల్బమ్‌లు ఆ గదిలోనే తయారయ్యాయి. మావయ్య ఫోటోలు తెచ్చి పడేస్తాడు. వాటిలోంచి ఏరడం, ముఖాల మీద నీడలు తీయడం, రంగులు సరిచేయడం, పేజీలు కూర్చడం అంతా అత్తే. ఆల్బమ్ చివరి పేజీలో మాత్రం 'ఫోటోలు, డిజైన్: నాగబాబు' అని ఉంటుంది. ఆ అక్షరాలకి నీడ పెట్టి, బంగారు రంగు వేసేది కూడా అత్తే. తిరుపతమ్మ ఒకసారి ధైర్యం చేసి "నీ పేరు ఎందుకు వేసుకోవు అత్తా?" అని అడిగితే, "చోటు చాలదులే" అని నవ్వింది. ఆ పేజీ నిండా చోటే ఉంది. ఆ మాట పైకి అనలేక తిరుపతమ్మ రెండు రోజులు మనసులోనే అనుకుంది.

ముందురోజు సాయంత్రం బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. మావయ్య చేతిలో టీ గ్లాసు ఉండటంతో స్పీకర్ పెట్టాడు, ఇంట్లో అందరూ విన్నారు. ఫోన్ చేసినాయన వీరరాఘవయ్య. పోయిన నెల ఆయన కూతురి పెళ్ళికి ఫోటోలు మావయ్యే తీశాడు. "ఏంటయ్యా నాగబాబూ ఇది? పెళ్ళికొడుకు కళకళలాడుతున్నాడు. మా అమ్మాయి ముఖం బూడిద చల్లినట్టుంది. చూసినవాళ్ళంతా అమ్మాయికి ఒంట్లో బాగోలేదా అని అడుగుతున్నారు. శుభమా అని పెళ్ళి చేసుకుంటే ఇదేం ఆల్బమ్ అయ్యా?" అన్నాడు. మావయ్య ముఖం ఎర్రబడింది. "క్షమించాలండి. ఆ పని మా ఆవిడ చేస్తుందండి. ఈమధ్య దానికి కళ్ళు సరిగా ఆనట్లేదండి. నేను చూసుకోలేదండి" అన్నాడు.

తిరుపతమ్మకి ఆ రాత్రి అన్నం సహించలేదు. పదకొండేళ్ళలో ఆల్బమ్ చేసేది అత్త అని మావయ్య బయటివాళ్ళకి చెప్పడం అదే మొదటిసారి. బాగున్నప్పుడల్లా ఆయన పేరు, బాగోలేనప్పుడు ఆవిడ కళ్ళు. తనకి తట్టింది అత్తకి తట్టకుండా ఉంటుందా అని ఆవిడ ముఖంలోకి చూసింది. అత్త అన్నం వడ్డిస్తోంది. మావయ్య పెరుగు కలుపుకుంటూ, "సోమవారం నుంచి ఆల్బమ్‌లు తెనాలి ల్యాబ్‌కి ఇచ్చేస్తాను. సిస్టం కూడా తీసుకెళ్ళి షాపులో పెట్టేస్తా. ఎన్నాళ్ళని చేస్తావులే, ఇక ఇంట్లో హాయిగా ఉండు" అన్నాడు. "అదీ మంచిదే. బొమ్మలకి రంగులద్దుకుంటూ కూర్చుంటే కళ్ళు పోక ఏమవుతాయి" అంది అమ్మమ్మ. హాయిగా అంటే ఏంటో తిరుపతమ్మకి అర్థం కాలేదు. పొద్దున ఐదింటికి లేచి ఊడ్చి, వండి, ఉతికి, చుక్కలు వేసి, మధ్యలో దొరికిన గంటల్లో ఆ గదిలో కూర్చుంటే అది కష్టమా? ఆ గంటలు తీసేసి మిగతావన్నీ ఉంచితే అది హాయా? అత్త ఏడుస్తుందేమో అనుకుంది. అత్త అడిగింది ఒక్కటే: "ఆల్బమ్ ఎప్పుడు తెస్తామన్నారు?"

"రేపు నాలుగింటికి."

"సరే."

అందుకే ఆదివారం పొద్దున, రొయ్యలు వలుస్తున్న తిరుపతమ్మ పక్కన వచ్చి కూర్చుని అత్త గుసగుసగా మొదలుపెట్టింది. "తిరుపతీ, పెళ్ళికొడుకు బాగున్నాడన్నారు, విన్నావా?"

"విన్నా."

"నా కళ్ళు పోతే ఇద్దరూ పోవాలిగా. ఒక్క పెళ్ళికూతురే ఎందుకు పోయింది?"

తిరుపతమ్మ చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. నిన్నటి నుంచి తను కోపంతో, జాలితో ఉడికిపోతోంది. అత్త మాత్రం ఆ తిట్టులోంచి పనికొచ్చే ముక్క ఏరి పెట్టుకుంది, చేపలోంచి ముల్లు తీసినంత తేలిగ్గా.

"నేను పేజీ ఎలా కూరుస్తానో నీకు తెలుసుగా. పుస్తకం తెరవగానే ఎడమవైపు పెళ్ళికూతురు, కుడివైపు పెళ్ళికొడుకు. రెండు పేజీలూ కలిపి ఒకే షీటు. తెర మీద కూడా ఆ అమ్మాయి ఎప్పుడూ ఎడమవైపే ఉంటుంది" అంది అత్త. "ఇవాళ నువ్వు నాకు సాయం చెయ్యాలి. నేను చెబితే అవి పోయిన కళ్ళేగా అంటారు. నువ్వు చూసి చెప్పు."

అసలు పని తెర వేడెక్కాక మొదలైంది. స్విచ్ వేసిన వెంటనే చూస్తే రంగు నిలకడగా ఉండదు, అరగంట ఆగాలి అంది అత్త. ఆ అరగంటలో ఆవిడ రొయ్యలు కడిగి ఉప్పూ పసుపూ పట్టించింది, బియ్యం నానబెట్టింది, బట్టలు ఆరేసింది, అమ్మమ్మకి మోకాళ్ళకి నూనె రాసింది, పాలవాడికి గిన్నె ఇచ్చింది. తిరుపతమ్మ గడియారం చూస్తూనే ఉంది. తెర వేడెక్కడానికి పట్టిన సమయంలో ఇన్ని పనులు అయ్యాయంటే, ఇంట్లో ఎవరూ వాటిని పనులుగా లెక్కేయరంటే, ఎవరి కళ్ళు పోయినట్టు?

తర్వాత అత్త తిరుపతమ్మని గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. తెర నిండా ఒకే బూడిద రంగు పరిచింది. బొమ్మ లేదు, అక్షరం లేదు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బూడిద రంగే. "ఏం కనిపిస్తోంది?" అంది.

తిరుపతమ్మకి మొదట ఏమీ కనిపించలేదు. తప్పు చెబుతానేమోనని భయమేసి నోరు విప్పలేదు. "తొందరేం లేదు. గోడ వైపు చూసి మళ్ళీ చూడు" అంది అత్త. గోడ వైపు చూసి మళ్ళీ చూసింది. అప్పుడు తెలిసింది. ఎడమవైపు బెత్తెడు మేర రంగు వేరుగా ఉంది. చాలాసార్లు ఉతికిన తెల్ల చొక్కా కాలరులా సన్నటి పసుపు. లోపలికి వచ్చేకొద్దీ పలచబడుతూ మధ్యలోకి వచ్చేసరికి పోయింది.

"ఎడమ పక్కన... పసుపు?"

"నాకూ అంతే." అత్త గట్టిగా ఊపిరి వదిలింది. "అయినా ఇప్పుడే తెర మీదికి నెట్టేయకూడదు. కిటికీ కూడా ఎడమవైపే ఉంది. పక్కింటి గోడ పసుపుపచ్చ. ఎండ దాని మీద పడి ఇటు కొడుతోందేమో."

ఆరేసిన దుప్పటి తెచ్చి కిటికీకి కట్టింది. గది చీకటైంది. పసుపు పోలేదు. కుర్చీలోంచి లేచి స్టూలు ఎక్కి చూసింది, కింద కూర్చుని చూసింది, ఎడమకి జరిగి, కుడికి జరిగి చూసింది. పసుపు కొంచెం పెరిగింది, కొంచెం తగ్గింది, చోటు మాత్రం మారలేదు. అత్త ప్రతి ఒక్కటీ పాత కేలండర్ వెనక పెన్సిల్‌తో రాసింది. కిటికీ కాదు. కూర్చునే చోటు కాదు. రాస్తున్నప్పుడు ఆవిడ పెదాలు చిన్నగా కదిలాయి. తిరుపతమ్మకి కాలేజీలో కెమిస్ట్రీ మేడమ్ కూడా ఇంత ఓపిగ్గా చేసి చూపించినట్టు గుర్తులేదు.

అప్పుడు బాపట్ల పెళ్ళికూతురి ముఖం ఒక్కటి కత్తిరించి చిన్న బొమ్మ చేసి తెర కుడివైపు పెట్టింది. ఎర్రటి బుగ్గలతో నిండుగా ఉంది ఆ పిల్ల. మౌసుతో దాన్ని మెల్లగా ఎడమకి లాక్కెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఆ ముఖం పచ్చకామెర్లు వచ్చినట్టు పసుపెక్కింది. మళ్ళీ కుడికి లాగింది. కోలుకుంది. తిరుపతమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"ఇదీ నా తప్పు" అంది అత్త. తిరుపతమ్మ ఉలిక్కిపడింది. "నిజంగానే నా తప్పే. రంగు సరిచేసేటప్పుడు నేను మధుపర్కం చూసి చేస్తాను. అది తెల్ల బట్ట. అది తెల్లగా వస్తే మిగతా రంగులన్నీ వాటంతటవే కుదురుతాయి. ఈ అమ్మాయి మధుపర్కం పసుపుగా కనిపించింది. పెళ్ళికూతురికి ఒళ్ళంతా పసుపే కదా, బట్టకి అంటుకుని ఉంటుంది, పైన ఆ లైట్లొకటి అనుకున్నాను. ముఖంలో పసుపంతా తీసేశాను. తెర మీద ముఖం బాగానే ఉంది. కాగితం మీదికి వచ్చేసరికి లేని పసుపు తీసేసినట్టయింది. బూడిద కాక ఏం మిగులుతుంది?"

తన తప్పుని అంత స్పష్టంగా, ఏడవకుండా, ఎవరి మీదా నెట్టకుండా చెప్పిన మనిషిని తిరుపతమ్మ ఆ ఇంట్లో అంతకుముందు చూడలేదు. మావయ్య ఫోటో చెడితే కెమెరా మంచిది కాదంటాడు. అమ్మమ్మ కూరలో ఉప్పెక్కువైతే ఉప్పు కొత్తదంటుంది. అత్త మాత్రం ఎక్కడ పొరబడ్డానో వేలు పెట్టి చూపిస్తోంది. అలా చూపించినందుకు చిన్నబోయినట్టు కూడా లేదు. పైగా కళ్ళలో ఏదో వెలుగు.

తర్వాత తెరని ఉన్నదున్నట్టు కాపీ తీసి ఫోన్‌లోకి పంపించుకుంది. ఫోన్‌లో బూడిద రంగు అంచు నుంచి అంచు దాకా సమానంగా ఉంది. "అంటే రంగు ఫైల్లో చెడలేదు. ఇక కంప్యూటర్ చెడిందా, వైరు చెడిందా, తెర చెడిందా తేలాలి. దానికి ఇంకో తెర కావాలి." ఇద్దరూ ఒకేసారి హాలు వైపు చూశారు.

"అత్తయ్యా, ఒక్క ఐదు నిమిషాలు టీవీ ఇస్తారా?"

"ఇప్పుడా? ఇప్పుడే అది విషం కలుపుతోందే పాలల్లో!"

"మీరు ఆ సినిమా ముప్పైసార్లు చూశారు అత్తయ్యా. ఆ పాలు తాగేది ఎవరో మీకు తెలుసు."

"తెలిస్తే మాత్రం చూడకూడదా?" అని గొణుగుతూనే అమ్మమ్మ రిమోట్ ఇచ్చింది. అత్త కంప్యూటర్ డబ్బాని మోసుకొచ్చి అదే వైరుతో టీవీకి తగిలించింది. విషం, పాలు, పాత హీరోయినూ పోయి టీవీ నిండా బూడిద పరుచుకుంది.

"ఏంటే ఇది? శుభమా అని ఆదివారం పూట ఇంట్లో బూడిద చూపిస్తావు?"

"ఎక్కడైనా రంగు తేడాగా ఉందా చూడండి అత్తయ్యా."

అమ్మమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని టీవీ దగ్గరికి వెళ్ళి, ఇల్లు అలికాక తడి ఎక్కడైనా మిగిలిందా అని చూసినట్టు నాలుగు మూలలూ చూసింది. "ఏం లేదు. అంతా ఒక్కటే దరిద్రం" అంది. అత్త కేలండర్ మీద రాసింది: కంప్యూటర్ కాదు. వైరు కాదు.

"ఇక మిగిలింది రెండే. తెరా, నా కళ్ళూ" అంది అత్త. డబ్బా మళ్ళీ గదిలోకి తెచ్చి తగిలించింది. తాతయ్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

"మామయ్యగారూ, మీకు ఏ కంటికి ఏ రంగు కనిపిస్తుందో చెప్పండి."

"అదేంటమ్మా పరీక్ష? తీసిన కన్నుతో చూస్తే గోడ తెల్లగా ఉంటుంది, తీయని కన్నుతో చూస్తే అదే గోడకి టీ ఒలికినట్టు ఉంటుంది. డాక్టరు చెప్పాడుగా, శుక్లం ఉంటే అంతే అని."

"ఆ టీ గోడంతా ఒలుకుతుందా, ఒక పక్కేనా?"

"గోడంతానే." తాతయ్య ఆగాడు. ఆయనకి అర్థమైపోయింది. "కంటి జబ్బయితే ఎటు చూస్తే అటు వస్తుంది. తెరలో జబ్బయితే తెరలోనే ఉంటుంది. అదేనా నీ లెక్క?" అని నవ్వాడు. "నేను పడవలో కూర్చుని నీళ్ళ రంగు చూసి చేపలు ఎటున్నాయో చెప్పేవాణ్ణి. కుర్రాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. పడవ తిప్పండ్రా అనేవాణ్ణి. పడవ తిప్పినా మచ్చ అక్కడే ఉంటే అది చేప, పడవతోపాటు వస్తే అది మన నీడ."

అత్త ఒక్క క్షణం ఆయన్ని అలాగే చూసింది. "మామయ్యగారూ, మీరు ముందే చెప్పి ఉంటే నాకు పొద్దుటి నుంచి ఇంత పని ఉండేది కాదు. నేను తిప్పాల్సింది పడవనే."

ఇద్దర్నీ కళ్ళు మూసుకోమంది. ఏవో వైర్లు కదిలిన చప్పుడు, బల్ల మీద ఏదో ఒరిగిన చప్పుడు. "తెరవండి. ఒకరికొకరు చెప్పుకోవద్దు. ఏ పక్క పసుపుందో కాగితం మీద రాయండి" అంది. తెర మళ్ళీ బూడిదగానే ఉంది, ఏం మారిందో తెలియదు. తిరుపతమ్మ రాసింది. తాతయ్య ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, పెద్ద అక్షరాలతో రాశాడు. ఇద్దరి కాగితాల్లోనూ ఒకే మాట ఉంది: కుడి.

వాళ్ళు కళ్ళు మూసుకున్నప్పుడు అత్త తెరని తలకిందులుగా నిలబెట్టింది. పసుపు తెరతోపాటే తిరిగి కుడివైపుకి వచ్చింది.

అత్త కుర్చీలో కూర్చుండిపోయింది. రెండు అరచేతులూ కళ్ళ మీద పెట్టుకుంది. ఆవిడ ఏడుస్తోందా నవ్వుతోందా తిరుపతమ్మకి తెలియలేదు. ఒక రాత్రీ ఒక పగలూ ఆ కళ్ళ గురించి ఇంట్లో అందరూ మాట్లాడారు, ఆవిడ తప్ప. ఆ కళ్ళని ఆవిడ అంతసేపూ ఎలా మోసిందో ఇప్పుడు తెలుస్తోంది. కూర మాడకుండా, పిల్లకి భయం వేయకుండా, మామగారికి చుక్కలు తప్పకుండా, తన కళ్ళు తనకి ఉన్నాయా లేవా అని ఒక్కో అనుమానాన్నీ తీసి పక్కన పెట్టుకుంటూ వచ్చింది. తిరుపతమ్మకి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చోవాలనిపించింది. సిగ్గేసి, వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మావయ్య మూడింటికి లేచాడు. అన్నం తింటూ అత్త చెప్పింది విన్నాడు. నమ్మలేదు. "పదకొండేళ్ళుగా లేనిది తెరకి ఇప్పుడేం వచ్చింది? ఎవరో ఒకరి మీద పెట్టాలి గనక దాని మీద పెడుతున్నావు. దీనికి సాక్ష్యం ఎవరు, సగం కన్ను ముసలాయనా?"

అత్త తిరుపతమ్మ వైపు చూడలేదు. చెప్పమని కళ్ళతో కూడా అనలేదు. అనకపోవడం వల్లే చెప్పాలనిపించింది.

"నేను మావయ్యా" అంది. "తెర తిప్పితే కుడి పక్కకి వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాక తిప్పింది. నాకు ముందు తెలీదు."

మావయ్య తినడం ఆపి మేనకోడలి వైపు చూశాడు. ఆ ఇంటికొచ్చిన ఏడాదిన్నరలో ఆ పిల్ల ఆయన ముందు అన్ని మాటలు ఒకేసారి మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని గదిలోకి నడిచాడు. తనే తెరని తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. మూడోసారి తిప్పేటప్పుడు ఆయన వేళ్ళకి ఏదో అంటుకుంది. వేళ్ళు వెలుగులో పెట్టి చూసుకున్నాడు. నల్లటి జిడ్డు. తెరని ముందుకి వంచి వెనక్కి చూశాడు. వెనక మూల నల్లగా మసి పట్టి, ప్లాస్టిక్ కొంచెం మెత్తబడి లోపలికి ఒంగి ఉంది. ముందు నుంచి చూస్తే అది సరిగ్గా ఎడమ మూల.

మొన్నటి దసరాకి ఆ బల్ల మీదే అమ్మవారి పటం పెట్టింది మావయ్యే. మనకి అన్నం పెట్టేది ఇదేనని కంప్యూటర్‌ని పటం పక్కన పెట్టి బొట్టు పెట్టింది ఆయనే. తొమ్మిది రోజులు అఖండదీపం ఆరకూడదని పెద్ద ఇత్తడి కుంది తెర వెనక మూలకి ఆనించి పెట్టిందీ ఆయనే. ఆ తొమ్మిది రోజులూ నూనె పోస్తూ దీపం కాపాడింది మాత్రం అత్త.

"తెర లోపల వెలుగుని పరిచే పలచటి పొరలుంటాయట. వేడికి అవి పసుపెక్కుతాయట. మొదట తెలియదట, మెల్లగా ముదురుతుందట" అంది అత్త. మావయ్య జిడ్డు వేళ్ళని లుంగీకి తుడుచుకున్నాడు. "సర్లే, కొత్త తెర కొంటే పోతుంది. కాఫీ పెట్టు, వాళ్ళొచ్చే టైమైంది" అన్నాడు. అదే ఆయన క్షమాపణ అయి ఉంటుందని తిరుపతమ్మ కాసేపు సర్దుకోవడానికి చూసింది. కుదరలేదు.

నాలుగింటికి బాపట్ల కారు ఇంటి ముందు ఆగింది. వీరరాఘవయ్య, ఆయన భార్య శేషారత్నం ముందుగదిలో కూర్చుని ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకున్నారు. అత్త వంటింట్లో కాఫీ కలుపుతోంది. మావయ్య గొంతు వినిపిస్తోంది. "పొద్దుటి నుంచి కూర్చుని చెక్ చేశానండి. తెర తేడా అండి. కంప్యూటర్ టీవీకి పెట్టి చూశాను, వైరు చూశాను, తెర తలకిందులు చేసి కూడా చూశాను. తేలిపోయింది."

తిరుపతమ్మ కప్పులు అమరుస్తున్నదల్లా ఆగిపోయింది. ఆ మాటలు ఒక్కొక్కటీ అత్తవి. కేలండర్ వెనక రాసిన వరస కూడా తప్పలేదు. పొద్దుటి నుంచి ఆయన నిద్ర చెడకూడదని గుసగుసలాడుతూ చేసిన పనంతా ఆ గదిలో ఆయన చేసినట్టు జరిగిపోతోంది. ఒళ్ళు మండిపోయి అత్త వైపు చూసింది. అత్త పంచదార కలుపుతోంది.

"ఆఁ, తెరే అనుకో. తెరలో తేడా ఉంటే పెళ్ళికొడుకు కూడా పాడవ్వాలిగా నాయనా? మా అమ్మాయొక్కతే ఏం పాపం చేసింది?" శేషారత్నం అడిగింది.

అత్త ఏం చెప్పిందో మావయ్యకి గుర్తుంది, ఎందుకో మాత్రం తెలియదు. "అంటే అండి... ఆ లైటింగ్..." అన్నాడు.

అత్త కాఫీ పళ్ళెం తిరుపతమ్మ చేతికిచ్చి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, ముందుగదిలోకి నడిచింది. వాళ్ళెదురుగా నిలబడింది. "పెళ్ళికూతుర్ని నేను ఎప్పుడూ ఎడమ పేజీలో పెడతానండి. మా తెర ఎడమవైపు పసుపెక్కింది. లేని పసుపు ఉందనుకుని తీసేశాను. అందుకే మీ అమ్మాయి ఒక్కతే పాలిపోయింది. నాదే పొరపాటండి."

శేషారత్నం ఆవిడని కిందా పైనా చూసింది. "నువ్వా చేసేది ఇదంతా?"

"అవునండి."

"పెళ్ళిలో నిన్ను చూసినట్టు లేదే."

"పెళ్ళిళ్ళకి ఆయన వెళ్తారండి."

"అయితే మా ఉషశ్రీని నువ్వు అసలు చూడనే లేదా? చూడకుండా పిల్ల ఒంటిరంగు ఎట్లా తెలుస్తుందమ్మా నీకు?"

"మేకప్ అందని చోట్లు ఉంటాయండి. చెవి వెనక, మోచేయి, కాలి వేళ్ళు. వాటిని బట్టి చేస్తాను. మీ అమ్మాయి చామనచాయ. మేకప్ వాళ్ళు తెల్లగా చేశారు. ఎడమ చెవి కింద చిన్న మచ్చ ఉంది, దాన్ని కప్పేశారు. నేను కప్పలేదు."

శేషారత్నం ఆల్బమ్ తెరిచింది, పేజీలు తిప్పింది, ఒకచోట ఆగి వేలితో చెవి కింద తడిమింది. కాసేపు ఆ వేలు అక్కడే ఉంచింది. "అది పుట్టినప్పుడు ఆ మచ్చ చూసే గుర్తుపట్టాను ఇది నా పిల్ల అని" అంది, భర్తతోనో, తనతోనో. తర్వాత తలెత్తింది. "రేపు పొద్దున్నే పిల్ల అత్తారింటికి వెళ్ళిపోతుంది. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసుకోవడానికి దాని గదిలో ఇంత పెద్ద కొత్త తెర ఉంది. నువ్వు మాతో వచ్చి పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని సరిచెయ్యి. రాత్రికి మా ఇంట్లో ఉండు, రేపు రైలెక్కిస్తాం."

గదిలో అందరూ మావయ్య వైపు చూశారు, అత్త తప్ప.

"ఇప్పటికిప్పుడంటే ఎలాగండి? ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, నాన్నకి చుక్కలు వెయ్యాలి, వంట..." అన్నాడు మావయ్య. "పోనీ నేనొస్తానండి, నేను చేసి పెడతాను."

"నీకు రంగులు తెలుసా నాయనా?" శేషారత్నం అడిగింది. వెక్కిరింపు లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

అత్త అప్పటికే లోపలికి వెళ్ళింది. తిరుపతమ్మ వెంట వెళ్ళింది. అత్త బీరువాలోంచి చీర తీసుకుంది, ఫోటోలున్న హార్డ్ డిస్క్ చేతిసంచిలో వేసింది, పాత తువ్వాలు మడిచి పెట్టుకుంది. వెళ్ళనా అని ఎవర్నీ అడగలేదు. వెళ్తున్నానని గట్టిగా చెప్పలేదు కూడా. "పులుసు ఉంది. అన్నం కుక్కర్లో పెట్టాను, మూడు విజిల్స్ రాగానే మీ అమ్మమ్మని ఆపమను. తాతయ్యకి ఎనిమిదింటికి చుక్కలు. చిన్న సీసా ముందు, పెద్ద సీసా పది నిమిషాల తర్వాత" అంది.

"నేను వేస్తాలే అత్తా."

"నువ్వు కాదు. రేపు నీకు పరీక్ష. మీ మావయ్యని వెయ్యమను."

ముందుగది దాటుతూ ఆగింది. "అత్తయ్యా, వెళ్ళొస్తాను" అంది. అమ్మమ్మ నోరు తెరిచింది. తాతయ్య వసారాలోంచి, "వెళ్ళిరామ్మా. ఆ పిల్లని పగటి వెలుగులో ఒకసారి చూడు, దీపాల కింద రంగు నమ్మొద్దు" అని కేకేశాడు. అమ్మమ్మ నోరు మూసుకుంది.

కారు దగ్గర వీరరాఘవయ్య స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. శేషారత్నం ఆయన పక్కన కూర్చుంది. అత్త వెనక సీట్లో ఒక్కతే కూర్చుని సంచి పక్కన పెట్టుకుంది. పెళ్ళయిన పదమూడేళ్ళలో మావయ్య లేకుండా ఆవిడ కారెక్కినట్టు తిరుపతమ్మ వినలేదు. మావయ్య వెనకాలే వచ్చాడు. చొక్కా వేసుకుని ఉన్నాడు, కాళ్ళకి చెప్పులు కూడా ఉన్నాయి. తెరిచి ఉన్న తలుపు పట్టుకుని నిలబడ్డాడు. లోపల ఇంకో ఇద్దరికి చోటుంది.

"నేను కూడా రానా?" అన్నాడు.

అత్త ఆయన వైపు చూసింది. కోపంగా లేదు. పొద్దున బూడిద తెరని చూసినట్టే, తొందరపడకుండా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూసింది.

"నేనొక్కదాన్నే చాలండి."

శేషారత్నం వెనక్కి తిరిగి, "చీర కొంగు బయటికి ఉంది, చూసి వెయ్యి నాయనా తలుపు" అంది.

మావయ్య వంగి, రోడ్డు మీదికి వేలాడుతున్న కొంగు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, తలుపు వేశాడు.